సాయిబు వేషం

మా ముఖాలకు మొదటిసారి రంగు పడింది బడి వార్షికోత్సవంలో. ఆడింది బొబ్బిలి యుద్ధం నాటకం. తాండ్ర పాపారాయుడు ఎవరు వెయ్యాలి, రంగారాయుడు ఎవరు, రాణీ మల్లమ్మకు మీసాలు రాని కుర్రాడెవడు దొరుకుతాడు అని మాస్టారు వారం రోజులు తర్జనభర్జన పడ్డారు. ఒక్క పాత్ర విషయంలో మాత్రం ఆయనకు ఆలోచన అక్కర్లేకపోయింది. "హైదర్‌జంగా? దానికేం వెతుక్కోవాల్రా, మన సాయిబు ఉన్నాడుగా!" అన్నారు. క్లాసంతా వెనక బెంచీ వైపు తిరిగింది. వెనక బెంచీలో మేమున్నాం.

మేమంటే ఒక్కడు కాదు. గోదావరి కాలవ గట్టు మీద పదిహేను గడపల సాయిబుల వీధి మాది. దర్జీ పని చేసేవాళ్ళు, పరుపులు కుట్టేవాళ్ళు, సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు, జట్కా తోలేవాళ్ళు. ఆ నాటకం మా బళ్ళో చాలా ఏళ్ళు ఆడారు. ఆడిన ప్రతిసారీ మా వీధిలోంచి ఎవడో ఒకడు హైదర్‌జంగ్ అయ్యేవాడు. అన్న చొక్కా తమ్ముడికి వచ్చినట్టే అన్న వేసిన వేషం కూడా తమ్ముడికి వచ్చేది. అందుకే ఈ కథ 'నేను' అని చెప్తే కుదరదు. ఇది మా అందరికీ జరిగింది.

వేషంతో పాటు భాష కూడా ఇచ్చారు. మాకు తెలుగు రావడంలో వింతేమీ లేదు. కాలవ గట్టున పుట్టినవాడికి ఈత వచ్చినట్టే వచ్చింది. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, గడప దాటితే తెలుగు. కొన్ని ఇళ్ళలో గడప లోపల కూడా తెలుగే. అదీ అసలైన గోదావరి తెలుగు, మాట చివర 'అండీ' లేకుండా పూర్తికానిది. మేం మా తెలుగులో డైలాగు చెప్తే మాస్టారు తల అడ్డంగా ఊపారు. "అలా కాదురా, సాయిబులా మాట్లాడు" అన్నారు. ఎలాగండీ అన్నాం. ఆయనే గొంతు మార్చి చేసి చూపించారు. 'నీకీ ఏం కావాల్, మాకీ తెల్వద్' అంటూ సాగదీసిన తెలుగు. మా అబ్బా అలా మాట్లాడరు, మా దాదీ అలా మాట్లాడదు, మా వీధిలో ఎవరూ అలా మాట్లాడరు. ఆ తెలుగు మేం మాస్టారి దగ్గరే నేర్చుకున్నాం. బాగా రావడానికి మూడు వారాలు పట్టింది. స్టేజీ మీద నోరు తెరవగానే జనం పడీపడీ నవ్వారు. అబ్బా కూడా నవ్వారట. అమ్మీ నవ్వలేదు.

నాటకం అయ్యాక కొబ్బరినూనె రాసి అందరి రంగులూ తుడిచేశారు. మల్లమ్మ మళ్ళీ మా క్లాసు కుర్రాడయ్యాడు. బొబ్బిలి మీదకు దండు నడిపించిన విజయరామరాజు పాత్రధారిని మర్నాడు ఎవరూ ద్రోహీ అని పిలవలేదు. ఫిరంగులు పేల్పించిన బుస్సీ దొర సున్నం రాసుకున్న ముఖం కడుక్కుని గోలీలాటకు వెళ్ళిపోయాడు. మా రంగు మాత్రం పోలేదు. లాకుల దగ్గర, పశువుల రేవులో, సంతలో ఏడాది పొడుగునా "ఒరేయ్ హైదర్‌జంగ్" అనే పిలిచారు. 1757 జనవరిలో బొబ్బిలి కోట దగ్గర జరిగిన దానికి మేం కాలవ గట్టున సంజాయిషీ చెప్పుకుంటూ తిరిగాం.

రంగస్థలానికి ఒక ధర్మం ఉంది. తెర పడితే వేషం వేరు, మనిషి వేరు. ఆ ధర్మం మా ఒక్కరి దగ్గరే ఎందుకు తప్పింది? పెద్దయ్యాక ఈ ప్రశ్న పట్టుకుని మా జిల్లా నాటకాల చరిత్ర వెనక్కి తిరగేసుకుంటూ వెళ్ళాం.

వెళ్తే ముందు తగిలింది రాజమండ్రి. ఇవాళ అది మూడు పక్కలా రోడ్లున్న నడిమి ఊరు. ఒకప్పుడు సరిహద్దు ఊరు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఢిల్లీ సైన్యం గోదావరి దాకా వచ్చింది. అవతల కళింగం. రాజమండ్రి మెయిన్ రోడ్డు మసీదు మీద 1324 నాటి పారశీక శాసనం ఉంది. అది గుడి స్థానంలో కట్టిన మసీదని చరిత్రకారులు రాశారు. ఆ మాట దాచుకోవలసిన పని మాకు లేదు. దండయాత్రలు చేసినవాళ్ళు సుల్తానులు. మా వీధి దర్జీలు కారు. కానీ ఏడు వందల ఏళ్ళుగా ఈ నీళ్ళు తాగుతున్నాం అన్న మాటకు కూడా ఆ రాయే సాక్ష్యం. మమ్మల్ని నిందించడానికి శాసనం చదివేవాళ్ళు ఆ సంవత్సరాన్ని కూడా చదవాలి.

తర్వాత గోల్కొండ వాళ్ళు, ఫ్రెంచి వాళ్ళు, ఇంగ్లీషు వాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. అక్కడి కొండలు తవ్వి ఆ రాళ్ళే నదిలో దింపారు. కాలవలు పారాయి, వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది. కడుపు నిండిన ఊళ్ళు రాత్రిపూట నాటకం అడిగాయి. 1900లో గోదావరి మీద రైలు వంతెన తెరిచాక సామాన్ల పెట్టెలతో కంపెనీలు దిగడం ఇంకా తేలికైంది.

తెలుగు నాటకం అనగానే అందరూ 1880 దగ్గర మొదలుపెడతారు. ధార్వాడ నుంచి వచ్చిన కంపెనీ రాజమండ్రిలో ఆడి వెళ్ళిపోతే, వాళ్ళు వదిలి వెళ్ళిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం వేయించారని చెప్తారు. ఆయన పుట్టిన ఏప్రిల్ 16నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. బాగానే ఉంది. అయితే ఆ తొలి రోజుల్లో ఇంకో సంగతి కూడా ఉంది. దాన్ని సభల్లో అంతగా చెప్పరు. బందరులో నాదెళ్ళ పురుషోత్తమకవి 1880లలో 32 హిందూస్తానీ నాటకాలు రాశారు. వాటిని తెలుగు లిపిలో రాశారు, తెలుగువాళ్ళు నేర్చుకుని ఆడారు, తెలుగువాళ్ళు కూర్చుని చూశారు. మన పెద్దలు తురకమని పిలిచిన భాషకు ఆ రోజుల్లో స్టేజీ మీద రాజుల వేషాలు దొరికాయి. తర్వాత తర్వాత ఆ భాష కిందికి దిగి దిగి 'నీకీ మాకీ' దగ్గరకు వచ్చి ఆగింది. అంటే మా మాట ఎప్పుడూ నవ్వులాట కాదు. ఒక కాలంలో అది దర్బారు మాట.

దర్బారు అన్నాం కదా, దాన్నే చూడండి. దర్బారు సీను, పరదా, తబలా, జరీ అంచు కోటు. పార్శీ కంపెనీల వరసల మీద కట్టిన పాటలు. ఇవన్నీ తీసేసి పద్యనాటకం ఆడమనండి చూద్దాం. మేం లేని నాటకం లేదని గొప్పలు పోవడం లేదు. ఎవరి సొమ్ము ఎవరి దగ్గర ఉందో విడదీయలేనంతగా కలిసిపోయింది అంటున్నాం.

రంగస్థల ధర్మం మిగతావాళ్ళ విషయంలో ఎంత చక్కగా నడిచిందో కూడా చూశాం. రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి నాటక సమాజం ఉండేది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు గయోపాఖ్యానం రాసింది ఆ సమాజం కోసమే. అందులో టంగుటూరి ప్రకాశం పంతులు ఆడవేషాలు వేశారు. చీర కట్టి, జడ వేసుకుని స్టేజీ ఎక్కిన కుర్రాడే తర్వాత తెల్లవాళ్ళ తుపాకులకు రొమ్ము చూపించి ఆంధ్రకేసరి అయ్యారు. ఆయన మగతనానికి చీర అడ్డం రాలేదు. బళ్ళారి రాఘవ, కోలాచలం శ్రీనివాసరావుగారి రామరాజు చరిత్రలో పఠాన్ రుస్తుం వేషం వేసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. పఠాను గడ్డం పెట్టుకున్నంత మాత్రాన ఆయన్ని ఎవరూ పఠాను అనలేదు. మహానటుడు అన్నారు. మేం అదే గడ్డం పెట్టుకుంటే అది వేషం కాకుండా పోయింది.

మరి మావాళ్ళెవరూ ఆ గీత దాటలేదా అంటే దాటారు. పిఠాపురంలోనే దాటారు. ఉమర్ ఆలీషాగారు 1885లో పుట్టి 1945లో పోయారు. సూఫీ పీఠానికి అధిపతి. అరబ్బీ పారశీకాలతో పాటు సంస్కృతం చదివారు. కేంద్ర శాసనసభలో సభ్యులుగా ఉన్నారు. ఉమర్ ఖయ్యాంను తెలుగులోకి తెచ్చారు, మహమ్మదు ప్రవక్త చరిత్ర పద్యాల్లో రాశారు. అంతవరకు ఎవరికీ ఆశ్చర్యం లేదు. ఆయన నాటకాలు కూడా రాశారు. మణిమాల, కళ, దానవవధ, విచిత్ర బిల్హణీయం, అనసూయాదేవి. ఒక మౌల్వీ కూర్చుని అనసూయ కథను తెలుగు నాటకంగా రాశారు. ఎవరి అనుమతీ అడిగినట్టు కనబడదు. ఆయన పేరు ముందు భక్తులు ఇప్పటికీ 'బ్రహ్మర్షి' అనీ, 'మౌల్వీ' అనీ రెండూ రాస్తారు. ఒక పేరుకు రెండు బిరుదులూ సరిపోయాయి, ఒకదాన్ని ఒకటి తన్నుకోలేదు.

మా బళ్ళో తెలుగు పాఠాల్లో తిక్కన ఉన్నాడు, చిలకమర్తి ఉన్నాడు. పక్క తాలూకా పిఠాపురం మనిషి ఉమర్ ఆలీషా గురించి మాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వెనక బెంచీలోంచి లేచి, 'మాస్టారూ, సాయిబు నాటకం రాశాడు కూడానండీ' అనేవాళ్ళం కదా! హైదర్‌జంగ్ పేరు తెలిసిన ఊరికి ఉమర్ ఆలీషా పేరు తెలియకపోవడం చిన్న విషయమేమీ కాదు.

పుస్తకాల్లోకి ఎక్కనివాళ్ళు కూడా ఉన్నారు. మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. చుట్టరికంతో పని లేకుండా అందరికీ బడే అబ్బాయే. పగలు మిషను కుట్టేవారు. వేసవి రాత్రుళ్ళు కంట్రాక్టు నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఎవరి గొంతు ఏ శృతికి లేస్తుందో, ఎవరు ఏ పద్యం దగ్గర తడబడతారో ఆయనకు తెలుసు. హరిశ్చంద్రుడు కాటిసీనులో మరిచిపోతే స్వరం పట్టి సాగదీస్తూ, తల వంచుకుని పద్యంలో మొదటి మాట అందించేవారు. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి పద్యాలూ, ఆ సీనులో కలిసిపోయిన జాషువాగారి శ్మశానం పద్యాలూ ఆయనకు నోటికొచ్చు. ఇది తలుచుకుంటే మాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. బ్రాహ్మడు రాసిన నాటకం, అందులో ఊరవతల పుట్టిన కవి పద్యాలు, వాటిని అందించేది సాయిబు, పాడేది ఏ కులం వాడో, ఏడ్చేది ఊరంతా. నాటకం అంటే అదీ!

ఆయన పెట్టె ముందు కూర్చుని లోలోపల బిస్మిల్లా అనుకుని నాంది ప్రార్థన ఎత్తుకునేవారు. రెండింటికీ మధ్య ఒక్క ఊపిరి ఎడం. అల్లాకూ అభ్యంతరం ఉన్నట్టు లేదు, పరబ్రహ్మకూ ఉన్నట్టు లేదు. అభ్యంతరాలు మనుషులకే ఉండేవి. ఎర్ర కాగితాల మీద అచ్చేసే కరపత్రాల్లో అందరి పేర్లూ ఉండేవి. చెలికత్తె వేషం వేసేవాడి పేరు కూడా ఉండేది. హార్మోనియం దగ్గర మాత్రం 'మాస్టారు' అని ఉండేది. మేం పిల్లతనం కొద్దీ అడిగాం, మీ పేరెందుకు వెయ్యలేదని. "పేరు చూసి టిక్కెట్టు కొంటారు. వాయించింది విని ఇంటికెళ్తారు. నాకు రెండోది చాలురా" అన్నారు. అప్పుడది చాలా గొప్ప మాటగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మాట అనుకోకపోతే ఆయన ఆ పెట్టె ముందు కూర్చోలేకపోయేవారేమో అనిపిస్తుంది.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. బడే అబ్బా నాటకాలకు వెళ్తున్నారని జుమ్మా రోజున మసీదు గుమ్మంలో మొహం తిప్పుకున్నవాళ్ళు మాలోనే ఉన్నారు. పాట హరాం, వేషం హరాం అన్నారు. అన్నవాళ్ళే రాత్రి చీకట్లో వెనక వరసలో నిలబడి కాటిసీను చూసి వచ్చేవాళ్ళు. ఇక మా ఆడవాళ్ళ సంగతి. వాళ్ళను తీసుకెళ్తే రెండెడ్ల బండ్ల మధ్య దుప్పటి కట్టి దాని వెనక కూర్చోబెట్టేవాళ్ళం. స్టేజీకి ఒక పరదా, మా దాదీకి ఒక పరదా. స్టేజీ పరదా సీను సీనుకీ లేచేది. చంద్రమతి ఏడుపును దాదీ దుప్పటి చిరుగులోంచి చూసింది. ఊరు మాకు ఒకే వేషం ఇచ్చిందని బాధపడే మేం, మా ఆడవాళ్ళకు ఆ ఒక్కటి కూడా ఇవ్వలేదు.

ఊరు కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. పీర్ల పండక్కి మొక్కుకున్న హిందూ తల్లులు తమ పిల్లల్ని ఫకీర్లను చేసేవాళ్ళు. పచ్చ గుడ్డ కట్టి, మెళ్ళో దారం వేసి ఇంటింటికీ తిప్పేవాళ్ళు. మావాళ్ళతో కలిసి పులివేషం కట్టినవాళ్ళలో అన్ని కులాల వాళ్ళూ ఉండేవారు. పండగ అయ్యాక పచ్చ గుడ్డ విప్పితే ఆ పిల్లాడు మళ్ళీ వాళ్ళ పిల్లాడే. ఫకీరు అయినందుకు వాడికి ఏమీ కాలేదు. అలాంటి ఊళ్ళోనే మేం పెరిగాం. అందుకే మా బాధ పరాయి ఊరి మీద ఫిర్యాదు కాదు. ఇంట్లోవాళ్ళ మీద అలక.

బొబ్బిలి కథలో హైదర్‌జంగ్‌ను మేం తలదించుకుని వేశాం. అదే కథను తలెత్తుకుని చెప్పినవాడు కూడా సాయిబే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్. చిన్నప్పుడు నాటకాల్లో వేషాలు వేశారు. ప్రజానాట్యమండలితో కలిసి బుర్రకథను ఊరూరా తిప్పారు. బొబ్బిలి యుద్ధం, పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు. ఆయన గొంతులో పాపారాయుడు ఉన్నాడు, హైదర్‌జంగ్ ఉన్నాడు, మల్లమ్మ ఉంది. ఒక్కడే నిలబడి అందరూ అయ్యారు. ఇందులో నీ పాత్ర ఇది అని ఆయనకు ఎవరూ గిరి గీసి చూపించలేకపోయారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. తన జీవితకథ అచ్చయినప్పుడు దాని పేరు 'పింజారి'. జనం చిన్నచూపు చూస్తూ పిలిచిన మాటనే అట్ట మీదకు ఎక్కించారు. కరపత్రంలో పేరు లేకపోయినా చాలన్న బడే అబ్బా, పుస్తకం అట్ట మీద తిట్టునే పేరుగా పెట్టుకున్న నాజర్. ఇద్దరూ మా పెద్దవాళ్ళే. ఒకరి ఓర్పు, ఇంకొకరి తెగువ మాకు రెండూ కావాలి.

1992 డిసెంబరు 6 అయోధ్యలో జరిగింది. మా ఊళ్ళో ఒక్క రాయి కూడా పడలేదు. ఆ మాట ఊరి గౌరవం కోసం చెప్పి తీరాలి. తర్వాతి వేసవిలో, ఏళ్ళ తరబడి బడే అబ్బా వాయించిన ఊరి నుంచి ఉత్సవాల పెద్దలు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. "ఈ ఏడాదికి వద్దులెండి సాయిబుగారూ. మాకేం లేదండీ, కుర్రాళ్ళు ఏదో అంటున్నారు" అన్నారు. ఆయన "అలాగేనండి" అన్నారు. టీ తెప్పించారు. వాళ్ళు తాగి వెళ్ళారు.

ఆ రాత్రి ఆయన నాటకానికి వెళ్ళారు. చాప పరుచుకుని అందరితో పాటు కింద కూర్చున్నారు. మేం పక్కనే ఉన్నాం. కొత్త హార్మోనిస్టు కాటిసీనులో నటుడి గొంతు అందుకోలేకపోయాడు. బడే అబ్బా వేళ్ళు మోకాలి మీద కదిలాయి. పద్యం మరిచిపోయిన చోట ఆయన పెదాలు మొదటి మాట అన్నాయి. అది స్టేజీ దాకా వినబడలేదు.

ఆయన్ని పిలవకపోవడానికి ఆ ఒక్కటే కారణమని మేం అనం. అప్పటికే వీడియోలు వచ్చాయి, రికార్డింగ్ డాన్సులు వచ్చాయి, తర్వాత కీబోర్డులు వచ్చాయి. కంట్రాక్టు నాటకం దానంతట అదే కుంటుతోంది. ఎవరూ వద్దనకపోయినా ఇంకో అయిదారేళ్ళకు ఆ పెట్టె మూలపడేది. కానీ కాలం మూలపెట్టడం వేరు, పేరు చూసి మూలపెట్టడం వేరు. కరపత్రంలో ఏనాడూ కనబడని పేరు ఆ ఏడాది అందరికీ కనబడింది.

ఇప్పుడు మా పిల్లలు అడుగుతున్నారు. చింతామణి నాటకం సంగతి వాళ్ళకు తెలుసు. కాళ్ళకూరి నారాయణరావుగారు రాసిన ఆ నాటకం వందేళ్ళు ఆడింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్తే 2022 జనవరిలో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 'మనం కూడా హైదర్‌జంగ్‌ను తీసెయ్యమని అడుగుదామా?' అని మా కుర్రాళ్ళు అంటున్నారు. సుబ్బిశెట్టిని చూసి జనం నవ్వుతుంటే ఒక పిల్లాడు తలదించుకుని ఉంటాడు. వాడి బాధ మాకు బాగా తెలుసు, అదే బెంచీ మాది కూడా. అయినా మేం నిషేధం అడగం. మా మీద రాసిన పాత్రలన్నీ కొట్టేయించుకుంటే స్టేజీ మీద మేం బొత్తిగా మిగలం. ఇంకా పెద్ద సంగతి ఏమిటంటే, ఆ నాటకాలు ఆడి పొట్టపోసుకున్న వాళ్ళలో బడే అబ్బాలు కూడా ఉన్నారు.

మేం అడిగేది వేరు. హైదర్‌జంగ్‌ను ఉండనివ్వండి. బుస్సీ దివాను చేసిన పని చరిత్రలో ఉంది, నాటకంలోనూ ఉంటుంది. కానీ పక్కన ఇంకొకరు కూడా ఉండాలి. పాపారాయుడి కత్తికి సానపట్టినవాడు, మల్లమ్మ చీరకు జరీ కుట్టినవాడు, బొబ్బిలి గుర్రాలకు నాడాలు కొట్టినవాడు. వాళ్ళలో ఒక్క సాయిబైనా లేకుండా ఉంటాడా? ఢిల్లీ సుల్తాను తప్ప మా జాతిలో నాటకానికి పనికొచ్చే మనిషే పుట్టలేదా? కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి జీవితంలో కాటిసీను లేదా? ఇవి ఎవరో రాసి ఇస్తారని ఎదురుచూడటం మా పొరపాటు. పిఠాపురంలో ఒకాయన వందేళ్ళ కిందటే కలం పట్టి చూపించాడు. రాయాల్సింది మేమే.

అంతకంటే ముందు కావలసింది ఇంకొకటి ఉంది. మాకు మా వేషం ఒక్కటే కాదు, అందరి వేషాలూ కావాలి. రాఘవ పఠాను కాగలిగితే మా కుర్రాడు హరిశ్చంద్రుడు కాగలగాలి. మర్నాడు పొద్దున్న రంగు కడుక్కుని మామూలు కుర్రాడిగా రేవుకు వెళ్ళగలగాలి.

కిందటేడు మా వీధి పిల్ల ఒకతి, ఏడో తరగతి, బడి నుంచి వచ్చి చెప్పింది. మళ్ళీ వార్షికోత్సవానికి బొబ్బిలి యుద్ధం వేస్తున్నారట. కొత్త మాస్టారు ఎవరికి ఏ వేషం కావాలో చేతులెత్తి చెప్పమన్నారట. ఈ పిల్ల లేచి, "నాకు పాపారాయుడు కావాలి సార్" అందట.

ఇంట్లో పెద్ద గొడవ. వాళ్ళ నానీ నెత్తి కొట్టుకుంది. "ఆడపిల్ల మీసం పెట్టుకుని కత్తి పట్టుకుంటుందా, అదీ వాళ్ళ వేషమా!" అంది. మేం వెళ్ళి కూర్చున్నాం. ప్రకాశంగారి చీర సంగతి చెప్పాం. పంతులుగారు జడ వేసుకోగా లేనిది మా పిల్ల మీసం పెట్టుకుంటే తప్పా అన్నాం. నానీ కాసేపు మాట్లాడలేదు. దుప్పటి చిరుగులోంచి నాటకం చూసిన మా దాదీకి ఆవిడ చెల్లెలు. చివరికి, "మీసం అట్టదైతే గుచ్చుకుంటుంది, నల్ల దారంతో నేను చేసిపెడతాలే" అంది.

మరి మాస్టారేమన్నారే అని పిల్లను అడిగాం.

"ఆలోచించి చెప్తానన్నారు. హైదర్‌జంగ్ ఎవరు వేస్తారని అడిగితే మాత్రం ఎవ్వరూ చెయ్యెత్తలేదు" అంది.

"నువ్వు ఎత్తావా?"

"నేనెందుకు ఎత్తుతాను? నాకు పాపారాయుడు కావాలన్నాను కదా!"

మేం తలెత్తి ఆ పిల్ల మొహంలోకి చూశాం. వెనక బెంచీలో కూర్చున్న రోజుల్లో మాకు ఈ మాట ఎందుకు తట్టలేదో మాకు ఇప్పటికీ తెలియడం లేదు.